చేతి యాస

మా ఫ్యాక్టరీలో నోరు విప్పాలంటే పరీక్ష పాసవాలని మే నెల మొదటి సోమవారం నోటీసు పెట్టారు. నోటీసు ఇంగ్లీషులో ఉంది. అందువల్ల బుధవారం దాకా అందరం మాట్లాడుకుంటూనే ఉన్నాం.

బుధవారం పొద్దున్న మీటింగు పెట్టి దాన్ని తెలుగులో వివరించారు. వివరించినాయన పేరు పరిమి చిదానంద్. హోదా, సంభాషణా శ్రేష్ఠతా సలహాదారు. మా ఎండీ గారు విశాఖపట్నంలో ఒక హోటల్లో రెండు రోజుల సదస్సుకి వెళ్ళి, వచ్చేటప్పుడు ఈయన్ని కారులో వెంట తెచ్చుకున్నారు. అటు వెళ్ళినవాళ్ళు జీడిపప్పు తెచ్చుకుంటారు.

"మిత్రులారా," అన్నాడు చిదానంద్ గారు, "ఈ ప్రాంగణంలో ఉత్పత్తి అవుతున్నవి టైల్స్ మాత్రమే కావు. వాక్కు కూడా ఉత్పత్తి అవుతోంది. టైల్‌కి నాణ్యతా పరీక్ష ఉన్నప్పుడు వాక్కుకి ఎందుకు ఉండరాదు? వంకర టైల్‌ని పక్కన పారేస్తున్నాం. వంకర మాటని మాత్రం విదేశీ కొనుగోలుదారు చెవిలో వేస్తున్నాం."

ఎండీ గారు చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. చప్పట్లకి అప్పటికింకా పరీక్ష లేదు.

ఆ వారమే అందరికీ రాత పరీక్ష పెట్టి బ్యాడ్జీలు పంచారు. ఆకుపచ్చ బ్యాడ్జి ఉన్నవాడు ఇంగ్లీషులో ఏమైనా మాట్లాడవచ్చు. పసుపుపచ్చది ఉన్నవాడు ఒక చిన్న పుస్తకంలో అచ్చు వేసిన నలభై వాక్యాలు మాట్లాడవచ్చు. ఎర్రది ఉన్నవాడు వినవచ్చు. అర్హత లేని మాట ఏ భాషలో నోట్లోంచి వచ్చినా ఒక మచ్చ. మూడు మచ్చలు పడితే ఉద్యోగం లేదు.

నాలుగు వందల పైచిలుకు మందిలో ఆకుపచ్చ బ్యాడ్జి ఒక్కరికే వచ్చింది. చిదానంద్ గారికి. పేపరు దిద్దింది కూడా ఆయనే.

నేను బట్టీ సెక్షన్లో మేస్త్రీని. పదో తరగతి దాకా మా ఊరి బళ్ళో చదివాను. ఆ బళ్ళో లెక్కల మేష్టారే ఇంగ్లీషు చెప్పేవారు. లెక్కలు ఎవరూ చెప్పేవారు కాదు. నాకు ఎర్రది వచ్చింది. నా భార్య పోయి ఆరేళ్ళయింది, ఇంట్లో మాట్లాడే పని ఎప్పుడో తప్పింది. ఇక్కడ కూడా తప్పిందనుకుని చొక్కాకి పెట్టుకున్నాను.

లియాంగ్ గారికి కూడా ఎర్రదే ఇచ్చారు.

లియాంగ్ గారు మా బట్టీ ఇంజినీరు. చైనావాడు. యాభై మూడేళ్ళు. మా బట్టీ అంటే నూట ఇరవై మీటర్ల పొడుగు సొరంగం. లోపల పన్నెండు వందల డిగ్రీల వేడి. వందల రోలర్లు వరసగా తిరుగుతుంటే వాటి మీద పచ్చి టైల్స్ ఒక చివర లోపలికి వెళ్ళి, కాలి, రెండో చివర బయటికి వస్తాయి. దాన్ని బిగించి ముట్టించింది ఆయనే. అంతకు ముందు నాలుగు దేశాల్లో పదకొండు బట్టీలు ముట్టించాడు. ముట్టించిన మర్నాడే వాళ్ళ కంపెనీ ఇంకో దేశానికి పంపేసేది. ఒక్క ఇక్కడే మూడేళ్ళు ఉండనిచ్చారు. రెండో బట్టీ కూడా ఆయన చేతే కట్టిస్తామని ఎండీ గారు మాటిచ్చారు.

"పన్నెండు మందిని కన్నాను మేస్త్రి గారు," అన్నాడు నాతో ఒకసారి. "పదకొండు మంది మొహం మళ్ళీ చూడలేదండి. దీన్నొక్కదాన్నే పెంచుతున్నాను. దీన్నొదిలి పోనండి."

ఈ మాటలు తెలుగులోనే అన్నాడు. వచ్చిన కొత్తలో ఆయనకి తెలుగు రాదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. నాకు చైనా భాష రాదు, ఇంగ్లీషు అంతకన్నా తక్కువ. అయినా మా ఇద్దరికీ కుదిరింది. చివర అచ్చు లేకుండా మాట ఆపడం మాకు చేతకాదు. వాళ్ళకీ చేతకాదట. నేను బెల్టు అంటే ఆయనా బెల్టు అనేవాడు. నేను గ్యాసు అంటే ఆయనా గ్యాసు అనేవాడు. ఇంగ్లీషువాడు వింటే ఏడ్చేవాడేమో గానీ బెల్టు మాత్రం తిరిగేది.

ఆయన దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. ఒక పక్క చైనా మాట, మధ్య ఇంగ్లీషు మాట, మూడో పక్క మేం దాన్ని ఎలా అంటామో చైనా అక్షరాల్లో. రోజుకి పదిహేను మాటలు. టీ విరామంలో నన్ను అడిగేవాడు.

"నిన్న అని ముందే చెప్పాం గదండి మేస్త్రి గారు. ఇంగ్లీషువాడు మళ్ళీ క్రియలో కూడా నిన్న అని ఎందుకు చెప్తాడు? మా భాషలో ఒక్కసారి చెప్తే చాలు."

"ఒక్కసారి చెప్తే నమ్మరేమోనండి."

దాన్ని ఆయన సూత్రం కింద రాసుకున్నాడు.

ఇంగ్లీషు నేర్చుకోబోయి, మా మధ్య ఉండటం వల్ల గోదావరి జిల్లా తెలుగు ముందు పట్టుబడింది. అవునని చెప్పాల్సి వస్తే "ఆయ్" అనేవాడు. మా సెక్షన్లో ముత్యాలు అని ఒకడున్నాడు. రోలర్లు మార్చడంలో వాడంత చురుకైనవాడు లేడు. ఆ ముత్యాలు ఆయన్ని "చైనా బాబాయ్" అనేవాడు. నన్ను ఒట్టి బాబాయ్ అనేవాడు.

మే నెలాఖరులో నోటి పరీక్ష పెట్టారు. అది పాసైతే ఎర్ర బ్యాడ్జి పసుపు అవుతుంది. మాలాంటివాళ్ళకి ఆ పరీక్ష ఐచ్ఛికం. ఇంజినీర్లకి మాత్రం రెండే అవకాశాలు. రెండోసారి కూడా తప్పితే పంపేస్తారు. పరీక్ష క్యాంటీన్లో, అందరి ముందూ జరిగింది.

"మీ గురించి చెప్పండి," అన్నాడు చిదానంద్ గారు ఇంగ్లీషులో.

లియాంగ్ గారు లేచి నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. "ఆయ్ సార్! మై నేమ్ లియాంగ్ అండి. కిల్ను ఇంజినీరు అండి. త్రీ ఇయర్సు హియర్ ఓన్లీ అండి."

చిదానంద్ గారు కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచి, కాగితం మీద రాసి, మాకు పాఠంగా ఉంటుందని పైకి చదివాడు. "మాతృభాషా ప్రభావం అత్యధికం. అభ్యర్థి నాలుక మీద తెలుగు తిష్ఠ వేసి కూర్చుంది. దాన్ని పూర్తిగా దించిన పిమ్మట మరల హాజరు కావలెను."

"సార్," అన్నాడు లియాంగ్ గారు, "మై మదర్ చైనా అండి."

"మీ మదర్ నివాసం సిలబస్‌లో లేదు."

రెండో పరీక్ష జూన్ ఇరవైన అన్నారు. శుక్రవారం.

గేటు బయట టీ కొట్టు ఉంది. నిబంధన అక్కడిదాకా రాలేదు. సాయంత్రం అక్కడ ముత్యాలు పడీపడీ నవ్వాడు.

"తెలుగెక్కువై ఫెయిలైన చైనావాడు భూమ్మీద నువ్వొక్కడివే చైనా బాబాయ్! మా తమ్ముడికి తెలుగులోనే ముప్పై రెండు మార్కులొచ్చాయి. నీ నాలుక్కొంచెం వాడికివ్వకూడదూ?"

లియాంగ్ గారు నవ్వలేదు. "ఇరవై రోజుల్లో తెలుగు పోద్దా మేస్త్రి గారు?"

"మా పిల్లలకి ఇంగ్లీషు బళ్ళో ఒక్క ఏడాదిలో పోయిందండి. ప్రయత్నించండి," అన్నాను.

ప్రయత్నించాడు. జేబులో చిన్న అద్దం పెట్టుకుని తిరిగాడు. ఇంగ్లీషు మాట చివర అచ్చు జారిపోకుండా రెండు వేళ్ళతో పెదాలు నొక్కి పట్టుకునేవాడు. అండి అనబోయి మింగేసేవాడు. టీ కొట్టు దగ్గర కూడా మాతో తెలుగు మానేశాడు. ఆయ్ అని నోటి దాకా వస్తే తల ఊపేవాడు. మూడేళ్ళపాటు చేర్చుకున్నదాన్ని రోజుకి పదిహేను మాటల చొప్పున తీసేస్తున్నాడు. అదే నోటుబుక్కులో మూడో వరస కొట్టేసుకుంటూ వచ్చాడు.

ఈలోగా ఫ్యాక్టరీలో శ్రవణాధికారులని ఇద్దర్ని వేశారు. వాళ్ళ పని వినడం, రాసుకోవడం. నాకు మొదటి మచ్చ పడింది వాళ్ళ వల్లే. బట్టీ చివర వేడి టైల్ ఒకటి జారి నా పాదం మీద పడింది. అమ్మా అన్నాను. రాసుకున్నారు. చిదానంద్ గారి దగ్గరికి పిలిపించారు.

"పుస్తకంలో ముప్పై ఒకటో వాక్యం ఉంది కదా. 'నాకు స్వల్ప అసౌకర్యం కలిగింది.' అది పసుపు బ్యాడ్జి వారికి. మీరు ఎర్ర బ్యాడ్జి కనుక అసౌకర్యాన్ని అనుభవించవచ్చు. నొప్పి వ్యక్తిగతం. దాన్ని వ్యక్తం చేయడం సంస్థాగతం."

రెండో మచ్చ టైమెంతని ముత్యాలు అడిగితే పన్నెండు అన్నందుకు. అడిగినందుకు వాడికొకటి, చెప్పినందుకు నాకొకటి. టైము కూడా తప్పే చెప్పాను. పావు తక్కువ పన్నెండు. దానికి మచ్చ లేదు.

లియాంగ్ గారికీ రెండు పడ్డాయి. ఒకటి, రోలర్లు లెక్కపెడుతూ చైనా భాషలో గొణిగినందుకు. రెండోది, ఎండీ గారు ఎదురుపడి గుడ్ మార్నింగ్ అంటే తల ఊపడం మరిచిపోయి ఆయ్ అన్నందుకు.

అయినా బట్టీ నడిచింది. మాకు చేతులున్నాయి.

బట్టీ దగ్గర మోతలో గొంతు చించుకుని అరిస్తే తప్ప నోటి మాట వినపడదు. ఏ బట్టీ దగ్గరైనా సంజ్ఞలే. పిడికిలి ఎత్తితే ఆపు. అరచెయ్యి ఎత్తి తిప్పితే నడుపు. ఇందులో లియాంగ్ గారు మొదటి రోజునే ఒక కట్టుబాటు పెట్టాడు. రోలర్ విరిగితే బట్టీలో ఆ సెక్షన్ వరకు ఆపి, పక్కన రోలర్లని తిప్పే గొలుసు మీది మూత తీసి, చెయ్యి లోపల పెట్టి కొత్తది బిగించాలి. మళ్ళీ నడపమని చెప్పే హక్కు చెయ్యి లోపల పెట్టినవాడిదే. మేస్త్రీకి లేదు. ఇంజినీరుకి లేదు. ఎండీ వచ్చి నిలబడ్డా లేదు. వాడు చెయ్యి బయటికి తీసి, అదే చెయ్యి ఎత్తి తిప్పితేనే ప్యానెల్ దగ్గర పనిచేసే నాగరత్నం బటన్ నొక్కాలి. మూడేళ్ళలో మా సెక్షన్లో ఒక్క గోరు కూడా పోలేదు.

జూన్ రెండో వారంలో చిదానంద్ గారు బట్టీ చూడటానికి వచ్చాడు. ముక్కుకి రుమాలు పెట్టుకుని అయిదు నిమిషాలు నిలబడ్డాడు. మర్నాడు సర్క్యులర్ వచ్చింది.

"ఎర్ర బ్యాడ్జి సిబ్బంది హస్తముల ద్వారా సంభాషణ సాగిస్తున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఇది వాక్ నియమావళికి దొడ్డిదారి. పైగా సదరు సంజ్ఞలలో ప్రాంతీయ యాస స్పష్టముగా గోచరించుచున్నది. ఇకపై హస్తములు పని మీద గాని, శరీరము పక్కన గాని ఉండవలెను. యంత్రమును ఆపుట, నడుపుట అనునవి సంస్థ వాక్కులు. అవి ఆకుపచ్చ బ్యాడ్జి నోటి నుండి మాత్రమే వెలువడును."

చేతికి యాస ఉంటుందని నాకు యాభై నాలుగేళ్ళు వచ్చేదాకా తెలీదు.

రోలర్ మార్చడానికి ఆరు నిమిషాలు అని కాలం కట్టారు. బట్టీకి తొంభై మీటర్ల దూరంలో చిదానంద్ గారి అద్దాల గది ఉంది. అందులో మైకు పెట్టారు. ఆరు నిమిషాలు కాగానే ఆయన మైకులో చెప్తాడు. నాగరత్నం బటన్ నొక్కుతుంది. ఆ గదిలోంచి గొలుసు కనపడదు. ప్యానెల్ దగ్గర్నుంచీ కనపడదు.

లియాంగ్ గారు మాట్లాడకూడదు కనక ఉత్తరం రాశాడు. ఇంగ్లీషులో. మూడు రోజులు డిక్షనరీ ముందు కూర్చుని రాశాడు. లోపల చెయ్యి పెట్టినవాడే నడపమని చెప్పాలి, లేకపోతే చెయ్యి పోతుంది. ఇంతే ఆ ఉత్తరం. రెండు రోజులకి తిరిగొచ్చింది. ఎర్ర సిరాతో పద్నాలుగు దిద్దుబాట్లు. అడుగున వ్యాఖ్య. "భావం శ్లాఘనీయం. వ్యక్తీకరణ మెరుగుపడాలి. సరిచేసి తిరిగి సమర్పించండి."

పద్నాలుగూ సరిచేసి బుధవారం ఇచ్చాడు. పరిశీలనలో ఉందన్నారు.

గురువారం పదిన్నర దాటాక బట్టీ మూడో సెక్షన్లో రోలర్ విరిగింది. శుక్రవారం లియాంగ్ గారికి పరీక్ష.

అద్దాల గదిలో దీపం వెలిగి, మైకులో ఆపమన్నాక నాగరత్నం సెక్షన్ ఆపింది. ముత్యాలు మూత తీసి, విరిగిన ముక్కలు లాగి, కొత్త రోలర్ దూర్చాడు. అది సగంలో పట్టేసింది. వాడు భుజం దాకా వంగి చెయ్యి గొలుసు పక్కకి పోనిచ్చి లాగుతున్నాడు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. లియాంగ్ గారు బట్టీ వెంబడే, ముప్పై అడుగుల అవతల ఉన్నాడు. శ్రవణాధికారి మా ఇద్దరి మధ్యా ఉన్నాడు.

మైకు మోగింది. "కైండ్లీ రిజ్యూమ్ ఆపరేషన్స్." ఉచ్చారణ చాలా బాగుంది.

నాగరత్నం నొక్కింది. నొక్కాక మోటారు అందుకుని గొలుసు కదలడానికి మూడు సెకన్లు పడుతుంది.

మోటారు మారిన చప్పుడు నాకు తెలిసింది. ముత్యాలుకి తెలియలేదు, వాడి తల మూత వెనక ఉంది. మూడు సెకన్లు చాలా ఎక్కువ కాలం. రెండు మచ్చలున్నాయని ఆలోచించాను. ఇంకా నాలుగేళ్ళ సర్వీసుందని ఆలోచించాను. శ్రవణాధికారి ఎటు చూస్తున్నాడో చూశాను. ఇన్నీ చేశాను. నోరు తెరవలేదు.

"ముత్యాలూ! చెయ్యి తియ్యరా!"

లియాంగ్ గారి గొంతు. ఇరవై రోజులుగా దించుకున్న తెలుగంతా ఒక్కసారి వచ్చింది. ముత్యాలు వెనక్కి పడ్డాడు. గొలుసు వాడి చేతి గ్లవ్ లాక్కుంది. గ్లవ్ నాలుగు పళ్ళ చక్రాలు దాటి నలిగి కింద పడింది. శ్రవణాధికారి గడియారం చూసి రాసుకున్నాడు. పది నలభై ఏడు.

మధ్యాహ్నం మూడింటికి విచారణ. బల్ల వెనక ఎండీ గారు, చిదానంద్ గారు. బల్ల మీద గ్లవ్. విచారణ వరకు తెలుగు మాట్లాడటానికి మాకు ప్రత్యేక అనుమతి ఇచ్చారు.

"ప్రమాదం సంభవించిందా?" అన్నాడు చిదానంద్ గారు.

"లేదండి," అన్నాడు ముత్యాలు. "చైనా బాబాయ్ అరవబట్టి..."

"సంభవించిందా లేదా అన్నదే ప్రశ్న. ఎందువలన అన్నది విచారణ పరిధిలో లేదు."

"లేదండి."

"సంభవించని ప్రమాదానికి హెచ్చరిక ఏమిటి? ఏదీ, మీ చెయ్యి చూపండి."

ముత్యాలు కుడి చెయ్యి బల్ల మీద పెట్టాడు. చిదానంద్ గారు పెన్నుతో వేళ్ళు లెక్కపెట్టి రాయించాడు. "అయిదు. యథాతథం."

తర్వాత ఎండీ గారి వైపు తిరిగాడు. "నిబంధన పందొమ్మిది ప్రకారం, గాయం జరిగిన సందర్భంలో అనర్హ వాక్కుని అత్యవసర మినహాయింపు కింద పరిగణించే వెసులుబాటు ఉంది సార్. దురదృష్టవశాత్తు ఈ చెయ్యి క్షేమంగా ఉంది."

ముత్యాలు చెయ్యి తియ్యలేదు. "ఏవండీ, అయితే నా చెయ్యి పోయుంటే ఆయన ఉద్యోగం ఉండేదాండి?"

"నిస్సందేహంగా."

"ఎన్ని వేళ్ళు పోతే సరిపోద్దండి?"

"వ్యంగ్యానికి కూడా బ్యాడ్జి కావాలి," అన్నాడు చిదానంద్ గారు. "లియాంగ్ గారూ, మీరు చెప్పుకోవలసింది ఏమైనా ఉందా?"

లియాంగ్ గారు లేచాడు. ఇంగ్లీషులో ఒక్క వాక్యం చెప్పాడు. "ఐ సా హిజ్ హ్యాండ్." అతని చెయ్యి చూశాను అని. అండి లేదు. అచ్చు జారలేదు. క్రియ కూడా జరిగిపోయిన కాలంలోనే ఉంది.

చిదానంద్ గారి మొహం వికసించింది. "అద్భుతం! చూశారా సార్? మాతృభాషా ప్రభావం లేశమాత్రం లేదు. రేపటి పరీక్షలో తప్పక ఉత్తీర్ణులయ్యేవారు. మూడో మచ్చ పడింది కనుక రేపటికి వీరు మన సిబ్బంది కారు. అభినందనలు."

ఎండీ గారు గ్లవ్ వైపు చూశారు. కిటికీ వైపు చూశారు. "రెండో బట్టీ సంగతి మరి..." అన్నారు.

"దానికి మంచి ఉచ్చారణ ఉన్న వ్యక్తిని చూద్దాం సార్."

ఎండీ గారు సంతకం పెట్టారు.

తర్వాత నన్ను పిలిచారు.

"మీరెంత దూరంలో ఉన్నారు?"

"పది అడుగులు."

"చూశారా?"

"చూశాను."

"ఏం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు."

చిదానంద్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "సార్, మనం కోరుకున్న సంస్కృతి ఇది. కళ్ళ ఎదుట అంతటి ఒత్తిడి. అయినా వాక్ సంయమనం చెదరలేదు. నా నలభై రోజుల కృషికి ఈయన ఒక్కడు చాలు."

అక్కడికక్కడే నా ఎర్ర బ్యాడ్జి తీసి పసుపుది పెట్టారు. రెండు మచ్చలు కొట్టేశారు. ఫొటో తీశారు. సోమవారానికల్లా దాన్ని పెద్దది చేయించి గేటు దగ్గర తగిలించారు. వద్దనలేదు. రెండు చేతులతో బ్యాడ్జి పుచ్చుకున్నాను.

శనివారం పొద్దున్న లియాంగ్ గారు వెళ్ళిపోయాడు. పోయేముందు బట్టీ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి నడిచాడు. మధ్యలో నన్ను దాటుకుంటూ వెళ్ళాడు. ఆగలేదు. బట్టీ మీద చెయ్యి వేసి, కాలగానే తీసుకున్నాడు. ఆయనకిప్పుడు మచ్చల భయం లేదు. అయినా అమ్మా అనలేదు.

సోమవారం సాయంత్రం టీ కొట్టుకి వెళ్ళాను. ముత్యాలు బల్ల మీద ఉన్నాడు. నేను వచ్చి కూర్చోగానే గ్లాసు తీసుకుని లేచాడు. కుడి చేత్తోనే తీసుకున్నాడు.

"ముత్యాలూ," అని పిలిచాను.

ఆగాడు. గ్లాసులో టీ చివరిదాకా తాగాడు. గ్లాసు కొట్టు చెక్క మీద పెట్టాడు.

"ఇంతే గదా బాబాయ్ ఆ రోజు అనాల్సింది," అన్నాడు.

రెండో షిఫ్టు గంట కొట్టారు. వాడు గేటు దగ్గర నా ఫొటో పక్కనుంచి లోపలికి వెళ్ళిపోయాడు.